సొమ్మొకడిది, సోకొకడిది
దక్కను దారులు: 9వ భాగం

గత భాగంలో మూసారాంబాగ్ దిబ్బ మీద, ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి దగ్గర ఆగాం. 1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. ఆ ఏడాదే సెప్టెంబరు 1న నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. అక్టోబరు 22న రేమండ్ పెంచి పెద్దచేసిన పటాలాలు, పెద్దగా నెత్తురు చిందకుండానే, ఆయుధాలు కింద పెట్టాయి. ఆ రోజుతో హైదరాబాదులో ఫ్రెంచివాళ్ల ఆట కట్టింది, ఇంగ్లీషువాళ్ల కొలువు మొదలైంది. ఆ మార్పును దగ్గరుండి నడిపించినవాడు కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. అప్పటికి అతనికి 34 ఏళ్లు. మద్రాసులో పుట్టాడు. పారశీకం బాగా తెలుసు, నగరపు అమీర్ల మర్యాదలన్నీ ఒంటబట్టించుకున్నాడు. ‘హష్మత్ జంగ్’ అని నిజాం ఇచ్చిన బిరుదు కూడా ఉంది.

రెసిడెంటు అంటే ఎవరో గమ్హరియాలో ఉన్నవాళ్లకు చెప్పడం తేలిక. మనం ఇళ్లు కట్టుకున్న ఈ నేల 1948 దాకా సరాయికేలా సంస్థానంలోది. పక్కనున్న ఆదిత్యపూర్‌కు ఆ పేరు వచ్చింది సరాయికేలా రాజు ఆదిత్య ప్రతాప్ సింగ్ దేవ్ వల్లే. రాజు గద్దె మీద ఉంటాడు, ఛవ్ నాట్యాలు చేయిస్తాడు, దసరాకు ఊరేగుతాడు. పెద్ద నిర్ణయం ఏదైనా తెల్లదొర మాట దాటి జరగదు. చిన్న సంస్థానాల మీద పెత్తనం చేసే దొర అప్పుడప్పుడు వచ్చి పోయేవాడు. హైదరాబాదు లాంటి పెద్ద సంస్థానంలో మాత్రం దొర ఊళ్లోనే కాపురం ఉండాలి. అలా ఉండేవాడే రెసిడెంటు, అతని నివాసం రెసిడెన్సీ.

1798 సంధిలో అసలు కీలకం లెక్కలో ఉంది. కంపెనీ ఆరు పటాలాల సిపాయిలను హైదరాబాదులో ఉంచుతుంది, వాళ్ల ఖర్చు కింద నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. నిజాం ఖర్చుతో నిజామును కాపాడతారు, ఎవరి నుంచి కాపాడాలో మాత్రం కంపెనీ చెబుతుంది. రెండేళ్లు దాటగానే, 1800 అక్టోబరులో, మరో సంధి కుదిరింది. అందులో సైన్యాన్ని ఇంకా పెంచారు. నగదుకు బదులు ఈసారి భూమి అడిగారు. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు అలా కంపెనీ చేతికి వెళ్లిపోయాయి. దత్త మండలాలు అనే పేరు వాటికి అప్పుడే వచ్చింది. ఇవ్వక తప్పని స్థితిలో ఇచ్చినదాన్ని దత్తం అనడం ఆనాటి రాజ్యభాష.

హైదరాబాదు కోఠిలో కనిపించే రెసిడెన్సీ భవనాన్ని ఈ రెండు సంధులతో కలిపి చూడకపోతే దాని కథ సగమే తెలుస్తుంది.

పెద్ద కాగితం, చిన్న చీటీ

కిర్క్‌పాట్రిక్ మూసీకి ఉత్తరపు ఒడ్డున, నగరానికి ఎదురుగా ఒక తోటలో పాత కట్టడాల్లో ఉండేవాడు. కంపెనీ స్థాయి పెరిగింది, ఇల్లు మాత్రం పాతదే. కొత్త భవనానికి చోటు కావాలని నిజామును అడగాలనుకున్నాడు. ఆ అడగడం ఎలా సాగిందో కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన జాన్ మాల్కం తరువాత చెప్పిన కథ ఒకటి ఉంది.

మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు నేలంతా కొలిచి, ఒక పెద్ద కాగితం మీద పటం గీశాడు. దర్బారులో దాన్ని పరిచారు. నిజాం చాలాసేపు దాన్ని చూసి, ఈ కోరిక తీర్చలేకపోతున్నందుకు విచారిస్తున్నానని చెప్పి ఊరుకున్నాడు. కిర్క్‌పాట్రిక్‌కు ఏమీ అర్థం కాలేదు. అడిగింది రాజ్యం కాదు, నది ఒడ్డున కాస్త నేల. మంత్రి దగ్గరికి వెళ్లి మొర పెట్టుకున్నాడు. మంత్రి నవ్వాడట. మీరు చూపించిన కాగితం నిజాం ఇంతవరకు చూసిన తన రాజ్యపటమంత ఉంది, అంత పటం చూసి ఇవ్వమంటే ఎవరిస్తారు, దాన్నే చిన్న చీటీ మీద గీయించి తీసుకురమ్మన్నాడు. అలాగే చేశారు. చిన్న చీటీ చూసి నిజాం ఉత్సాహంగా ఒప్పుకున్నాడు.

మాల్కం ఈ కథను వినోదంగా చెప్పాడు. ముసలి నవాబుకు పటాలు చదవడం రాదని అందులో ఒక వెక్కిరింపు ఉంది. ఈ కథను మనవైపు నుంచి చదవాలి. ఆ కాగితాన్ని చూసిన మనిషి అప్పటికే నాలుగు పెద్ద జిల్లాలు పోగొట్టుకున్నాడో, పోగొట్టుకోబోతున్నాడో. కంపెనీవాళ్లు పటం తెచ్చి పరిచారంటే దాని అర్థం ఏమిటో నాలుగు దశాబ్దాలు రాజ్యం చేసినవాడికి తెలియదా? పెద్ద కాగితం చూసి అతను భయపడ్డాడంటే అది తెలివితక్కువతనం అనుకోను. చీటీ చిన్నదైనా దాని వెనక ఉన్న నేల తగ్గలేదు, దాని మీద లేచిన భవనమూ తగ్గలేదు. ఆ నేలతో పాటు కట్టుబడి ఖర్చు కూడా నిజాం ఖజానా నుంచే వచ్చింది.

గ్రీకు స్తంభాలు గోదావరి దేశానికి ఎలా వచ్చాయి?

18వ శతాబ్దం మధ్యలో యూరప్ చదువరులకు ప్రాచీన గ్రీసు, రోముల పిచ్చి పట్టింది. ఇటలీలో బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియంను 1738 నుంచి, పాంపేను 1748 నుంచి తవ్వి తీశారు. ఏథెన్సు శిథిలాలను స్టూవర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు అంగుళం అంగుళం కొలిచి, ఆ బొమ్మలను 1762 నుంచి పుస్తకాలుగా తెచ్చారు. అంతకు ముందే 16వ శతాబ్దపు ఇటలీ స్థపతి పల్లాడియో రాసిన నాలుగు వాస్తు గ్రంథాలు ఇంగ్లండు జమీందార్ల ఇళ్లలో కొలువుదీరి ఉన్నాయి. ఇవన్నీ కలిసి ఒక శైలి అయ్యాయి. ముందు ఎత్తయిన మెట్లు, వరసగా స్తంభాలు, వాటి పైన త్రికోణపు నెత్తిపలక, ఎడమ ఎంతో కుడి అంతే ఉండే కొలత. దీన్నే నియోక్లాసికల్ శైలి అంటారు.

యూరప్ రాజధానులకు వెళ్లిన మనవాళ్లు ఫొటోలు దిగి వచ్చేది ఎక్కువగా ఈ శైలి కట్టడాల ముందే. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ ద్వారం 1791లో పూర్తయింది. ఏథెన్సు అక్రోపొలిస్ ప్రవేశ మండపాన్ని మనసులో పెట్టుకుని లాంగ్‌హాన్స్ దాన్ని గీశాడు. పారిస్‌లో పాంథియాన్ 1790లో పూర్తయింది. సూఫ్లో దాన్ని చర్చిగా తలపెట్టాడు. విప్లవం వచ్చి 1791లో దాన్ని దేశ ప్రముఖుల సమాధి మందిరంగా మార్చింది. రాజు కట్టించిన గోడలు రాజును దించినవాళ్ల చేతికి వచ్చాయి. కోఠి కథలోనూ ఇలాంటి మలుపు ఉంది, అక్కడికి వద్దాం.

ఈ శైలిని ఓడలెక్కించి మన దేశానికి తెచ్చింది కంపెనీ. గమ్హరియా నుంచి కలకత్తా ఒక పూట ప్రయాణం కాబట్టి మనలో చాలామంది అక్కడి రాజభవన్‌ను గేటు బయటి నుంచైనా చూసే ఉంటారు. వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు 1799లో మొదలై 1803లో పూర్తయిన భవనం అది. ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ హాలును చూసి చార్లెస్ వయాట్ దాన్ని రూపొందించాడు. వ్యాపారిలా కాకుండా రాజులా బతకాలని వెల్లస్లీ పట్టుదల. ఆ ఖర్చు చూసి లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు మండిపడ్డారు.

హైదరాబాదులో కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టిన భవనానికి ఆ బెడద లేదు. డబ్బు డైరెక్టర్లది కాదు. సొమ్మొకడిది, సోకొకడిది అని మనవాళ్లు అనేది ఇలాంటి చోటే. 1803 ప్రాంతంలో పని మొదలైంది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. అతని తండ్రి జాన్ రస్సెల్ లండన్ రాయల్ అకాడమీ చిత్రకారుడు. నేల ఇచ్చిన నిజాం అలీ ఖాన్ 1803 ఆగస్టులో కన్నుమూశాడు. కొడుకు సికందర్ జా కాలంలో పని సాగింది. భవనం పూర్తయ్యేసరికి కిర్క్‌పాట్రిక్ కూడా లేడు. కట్టించినవాడూ, డబ్బు ఇచ్చినవాడూ పూర్తయిన ఇంట్లో అడుగుపెట్టలేదు.

హైదరాబాదులో చాలామంది ఈ భవనాన్ని అమెరికా వైట్ హౌస్‌కు నకలు అని చెబుతారు. ఈ మాటను సరిదిద్దాలి. వైట్ హౌస్‌కు 1792లో శంకుస్థాపన జరిగింది. 1800లో అధ్యక్షుడు ఆడమ్స్ అందులో కాపురం పెట్టాడు. కానీ ఈ రోజు దాన్ని చూడగానే గుర్తుపట్టించే స్తంభాల మండపాలు అప్పుడు లేవు. దక్షిణపు మండపం 1824లో, ఉత్తరపుది 1829–30లో వచ్చాయి. అప్పటికి కోఠి స్తంభాలు లేచి దాదాపు రెండు దశాబ్దాలు. ఒకటి ఇంకొకదాన్ని చూసి కట్టినది కాదు. రెండూ పల్లాడియో పుస్తకాల వంశంలో పుట్టిన దాయాదులు.

దగ్గరగా చూస్తే

కోఠి అంటే హైదరాబాదువాళ్లకు బస్సులు, పాత పుస్తకాలు, సుల్తాన్ బజారు చీరలు. ఆ రద్దీలో నుంచి గోడ దాటి లోపలికి వెళితే మరో లోకంలా ఉంటుంది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం కాబట్టి అనుమతి తీసుకునే వెళ్లాలి. చెట్ల మధ్య నుంచి ముందు కనిపించేవి మెట్లు. వాటికి అటూ ఇటూ రెండు సింహాలు. మెట్ల పైన రెండంతస్తుల ఎత్తున ఆరు స్తంభాలు. వాటి మీద త్రికోణపు పలక, అందులో కంపెనీ చిహ్నం.

స్తంభం దగ్గరికి వెళ్లి తలెత్తి చూడండి. పైన కొరింథియన్ శైలి శిఖ, వంపు తిరిగిన ఆకుల గుత్తి. ఆ ఆకు మధ్యధరా తీరంలో పెరిగే అకాంథస్ అనే ముళ్ల మొక్కది. కొరింథియన్ స్తంభానికి ఆ ఆకు ఉండి తీరాలని గ్రీకుల కాలం నుంచి నియమం. దక్కనులో ఆ మొక్కను చూసినవాళ్లు ఎవరూ ఉండరు. అయినా మేస్త్రీ చేతి కింద ఆ ఆకు ఈనెలతో సహా మెలి తిరిగింది. ఎక్కడో కాగితం మీద గీసిన గీతను చూసి, ఎన్నడూ చూడని ఆకును ఇంత నమ్మకంగా మలిచిన ఆ పనివాడి పేరు ఏ దస్తావేజులోనూ నాకు కనిపించలేదు.

దూరం నుంచి తెల్ల రాయిలా మెరిసే ఇలాంటి భవనాల పైపూత గార. మద్రాసులో, దక్కనులో సున్నం పనివాళ్లు దాన్ని తయారుచేసే తీరు మన పెద్దలకు తెలిసినదే. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరగ్గొట్టి, రోజుల తరబడి నాననిస్తారు. ఇసుకతో కలిపి గానుగలో వేసి ఎద్దులతో తిప్పిస్తారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. పట్టు కోసం ఒకటి, త్వరగా బీటలు వారకుండా ఇంకొకటి. చివరి పూతకు మెత్తని సున్నాన్ని వడగట్టి, పల్చగా పూసి, నున్నని రాయితో గంటల తరబడి రుద్దుతారు. అలా రుద్దగా రుద్దగా పాలరాయిని మించిన నునుపు వస్తుంది. మద్రాసు ఇళ్లకు వచ్చిన ఇంగ్లీషు యాత్రికులు ఆ మెరుపు చూసి అబ్బురపడి ఉత్తరాలు రాశారు. కొలత ఇటలీది, నమూనా ఇంగ్లండుది, ఆ కొలతను నిలబెట్టిన చెయ్యి మాత్రం ఇక్కడిది.

లోపల ఎత్తయిన దర్బారు హాలు, దాని చుట్టూ పై అంతస్తులో వసారా. రెండు పాయలుగా చీలి పైకి వెళ్లే పెద్ద మెట్లు. అద్దాలు, వేలాడే దీపాల గుత్తులు. తరువాతి రోజుల్లో ఈ భవనం గురించి రాసిన మాల్కం, దీన్ని మించినది కలకత్తా గవర్నమెంటు హౌస్ ఒక్కటేనని, మద్రాసుది దీనికి సాటి రాదని తేల్చాడు. సంస్థానాధీశుడు ఇంత గొప్ప హాలులోకి వచ్చి రెసిడెంటు ఎదుట కూర్చోవాలి. ఎవరు ఎవరికి అతిథి అన్న ప్రశ్నకు ఆ గది పొడవూ ఎత్తూ జవాబు చెప్పేవి.

వెనక తోటలో

ముందు మెట్ల దగ్గరే తిరిగి వచ్చేస్తే ఈ భవనం కంపెనీ దర్పానికి గుర్తుగా మాత్రమే మిగిలిపోతుంది. వెనక వైపు తోటలోకి వెళ్లాలి.

నగరపు ప్రముఖ కుటుంబాల్లో ఒకదాని నుంచి వచ్చిన ఖైరున్నీసా బేగం, దివాన్ పదవి చేపట్టిన మీర్ ఆలంకు బంధువు. తల్లి షరఫున్నీసా. తాత బాఖర్ అలీ ఖాన్ కంపెనీ పటాలాలకు జీతాలు చెల్లించే బక్షీ. కిర్క్‌పాట్రిక్‌కూ ఆమెకూ నిఖా జరిగింది. 1801 మార్చిలో కొడుకు, 1802 ఏప్రిల్‌లో కూతురు పుట్టారు. ఈ సంగతి నగరంలో గుసగుసలుగా మొదలై కలకత్తాకు చేరింది. తన రెసిడెంటు నిజాం కొలువులోని ఇంటికి అల్లుడు కావడం వెల్లస్లీకి మింగుడుపడలేదు. విచారణ జరిపించాడు. కిర్క్‌పాట్రిక్ ఉద్యోగం నిలిచింది, అనుమానం మాత్రం పోలేదు.

బేగం కోసం అతను భవనం వెనక రంగ్ మహల్ అనే జనానాను దేశీ శైలిలో, ఫౌంటెన్లతో, తోటతో కట్టించాడు. ముందు గ్రీకు స్తంభాలు, వెనక మొగలాయి తోట. ఒకే ఆవరణలో రెండు కాపురాల్లా రెండు నాగరికతలు ఉండేవి. 19వ శతాబ్దంలో వచ్చిన రెసిడెంట్లకు ఇంగ్లీషు దొర ఇంట్లో జనానా ఉందన్న గుర్తే సిగ్గుగా తోచింది. రంగ్ మహల్‌ను కూలగొట్టించారు. బేగం తోట ద్వారం వంటి కొద్ది గుర్తులే మిగిలాయి.

మిగిలినవాటిలో ఒకటి, తోటలో నేల మీద కూర్చున్న చిన్న భవనం. పెద్ద భవనానికే నమూనా అది. మనిషి పక్కన నిలబడితే పైకప్పు చేతికి అందేంత ఎత్తు. అవే స్తంభాలు, అవే కిటికీలు, అదే కొలత. పరదాలో ఉండే ఖైరున్నీసా ముందు వైపుకు వచ్చి భర్త కట్టిస్తున్న ఇంటి ముఖం చూడలేదు కాబట్టి, ఆమె చూడడానికి దీన్ని చేయించాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కథ నిజమా, ఇంజనీరు ముందుగా చేసుకున్న నమూనా తోటలో మిగిలిపోయిందా అనేది పక్కన పెడదాం. అతి చిన్న కిటికీ చట్రంలో కూడా గార గీత చెదరకుండా దిద్దిన ఆ పనితనం చూస్తే, ఎవరో ఇష్టంగా చూడాలని చేసిన పని అనిపిస్తుంది.

ఆ కాపురం నిలవలేదు. అప్పటి కంపెనీ ఉద్యోగుల అలవాటు ప్రకారం పిల్లలను చదువుకు ఇంగ్లండు పంపాలని కిర్క్‌పాట్రిక్ నిర్ణయించాడు. 1805లో మద్రాసులో చిత్రకారుడు జార్జ్ చినరీ ఆ పిల్లలిద్దరి బొమ్మ వేశాడు. హైదరాబాదు దుస్తుల్లో అన్న, చెల్లెలు. ఆ దుస్తులు వాళ్లు ఒంటి మీద వేసుకున్నది ఇంచుమించు అదే ఆఖరు. సెప్టెంబరులో ఓడ బయల్దేరింది. సాహిబ్ ఆలం విలియం అయ్యాడు, నూరున్నీసా కేథరిన్ అయింది, కిట్టీ అని పిలిచారు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లిన కిర్క్‌పాట్రిక్ అక్టోబరు 15న, 41 ఏళ్లకే మరణించాడు. పిల్లల ఓడ ఇంగ్లండు చేరకముందే తండ్రి పోయాడు.

ఖైరున్నీసా భర్త సమాధి చూడడానికి కలకత్తా వెళ్లింది. కిర్క్‌పాట్రిక్ సహాయకుడిగా ఉన్న హెన్రీ రస్సెల్ అక్కడ ఆమెకు దగ్గరయ్యాడు. ఆ సంగతి తెలిసి మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు. ఆమె మచిలీపట్నంలో గడపాల్సి వచ్చింది. రస్సెల్ మద్రాసులో వేరే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. బందరులో సముద్రపు గాలి మధ్య ఆమె ఎవరి కోసం ఎదురుచూసిందో ఊహించుకోవచ్చు. తరువాత హైదరాబాదు చేరినా ఎక్కువ కాలం బతకలేదు. 1813 సెప్టెంబరు 22న, 27 ఏళ్ల వయసులో కన్నుమూసింది. కన్నబిడ్డలను మళ్లీ చూడలేదు.

కిట్టీ ఇంగ్లండులో పెరిగింది. రచయిత కార్లైల్ ఆమెను ఎరిగినవాడే. పెద్దయ్యాక ఒకసారి రస్సెల్ ఇంటికి వెళ్లినప్పుడు గోడకు తగిలించిన చినరీ చిత్రంలో తననూ అన్ననూ చూసుకుని ఆమె ఏడ్చేసిందట. ఆ తరువాత 1840ల్లో హైదరాబాదులో ఇంకా బతికి ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాకూ ఆమెకూ ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ పారశీకంలో చెప్పి రాయించేది, మనవరాలు ఇంగ్లీషులో రాసేది. ఆ ఉత్తరాలను అటూ ఇటూ చేరవేసింది కూడా ఇదే రెసిడెన్సీ. ఒకరినొకరు చూసుకోకుండానే 1847లో షరఫున్నీసా వెళ్లిపోయింది.

గోడ ఎందుకు లేచింది?

1857 జులై 17, శుక్రవారం. మక్కా మసీదులో ప్రార్థనల తరువాత కొన్ని వందల మంది రోహిల్లాలు రెసిడెన్సీ మీదికి కదిలారు. ముందు నడిచినవాళ్లు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్. రెసిడెన్సీలో నిర్బంధించిన జమాదార్ చీదా ఖాన్‌నూ అతని అనుచరులనూ విడిపించాలన్నది వాళ్ల పట్టు. రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల ఇళ్లు ఉండేవి. వాటిలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. దివాన్ సాలార్ జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెంటు డేవిడ్‌సన్ ఫిరంగులు సిద్ధం చేసుకుని ఉన్నాడు. తెల్లారేసరికి దాడి విరిగిపోయింది.

అల్లాఉద్దీన్‌ను అండమాన్ పంపారు, అక్కడే చనిపోయాడు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859 జనవరి 24న తూప్రాన్ దగ్గర తూటాలకు బలయ్యాడు. శవాన్ని తెచ్చి రెసిడెన్సీ సమీపంలో జనం చూసేలా వేలాడదీశారు. ఆ తరువాత రెసిడెన్సీ గోడలు బలపడ్డాయి, బురుజులు లేచాయి. ఇవాళ కోఠిలో తుర్రేబాజ్ ఖాన్ పేరు మీద రోడ్డు ఉంది.

ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఆ దాడి చేసినవాళ్లు నిజాం సిపాయిలుగా రాలేదు. నిజాం కొలువు ఆ రాత్రి రెసిడెంటు పక్షాన నిలిచింది. అర్ధశతాబ్దం కింద చీటీ మీద ఇచ్చిన నేలను కాపాడే బాధ్యత కూడా ఇచ్చినవాళ్ల మీదే పడింది.

గద్దె దిగిన తరువాత

రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లు చాలాకాలం కంపెనీ, ఆ తరువాత బ్రిటిష్ అధికారం కిందే ఉండేవి. 1933లో ఆ ప్రాంతం మళ్లీ నిజాం ఏలుబడిలోకి వచ్చింది. రెసిడెన్సీ బజారు సుల్తాన్ బజారు అయింది. 1947లో చివరి దొర వెళ్లిపోయాడు. 1949లో ఈ భవనంలోకి వచ్చింది ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల. 1924లో మొదలైన ఆ కళాశాలకు చోటు చాలకపోవడంతో దొరల కొలువు ఆడపిల్లల తరగతి గదులైంది. పరదా వెనక ఒక బేగం ముందు వాకిలి చూడలేకపోయిందని చెప్పుకునే ఇంటి మెట్ల మీద తరాల తరబడి తెలంగాణ, ఆంధ్ర, మరాఠ్వాడా అమ్మాయిలు కూర్చుని పరీక్షలకు చదువుకున్నారు. వాళ్లలో ఎందరో డాక్టర్లు, రచయితలు, టీచర్లు అయ్యారు.

రోజుకు వందల మంది తిరిగే కాలేజీగా నడుస్తూ ఈ పాత భవనం అరిగిపోయింది. కప్పులో నీళ్లు దిగాయి, గార ఊడింది, రావి మొలకలు గోడల్లో వేళ్లు దింపాయి. 2002లో ప్రపంచ స్మారక నిధి సంస్థ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అదే సంవత్సరం విలియం డాల్రింపుల్ ‘వైట్ మొఘల్స్’ పుస్తకం వచ్చి ఖైరున్నీసా కథ లోకానికి తెలిసింది. చాలా ఏళ్ల మరమ్మతు తరువాత 2023లో భవనం మళ్లీ తెరుచుకుంది. సిమెంటు పూతలు తీసేసి, పాత పద్ధతిలో సున్నపు గారనే వాడారు. కొత్త సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు, గోడ లోపల్లోపల కుళ్లుతుంది. సున్నం ఊపిరి పీల్చనిస్తుంది. రెండు శతాబ్దాల కింద పేరు లేకుండా పోయిన పనివాళ్ల విద్యే ఈ భవనాన్ని మళ్లీ బతికించింది.

కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. ఆ తరువాత దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తి దగ్గర తాను పండించిన గింజ దేశ్‌ముఖ్ గడీకి చేరకుండా అడ్డుపడి నిలబడిన రజక స్త్రీ ఆమె. నేల అడిగితే రాసిచ్చినవాళ్ల కాలంలో మొదలైన ప్రాంగణానికి, తన చేను వదలనని తెగేసి చెప్పిన మనిషి పేరు రావడం నాకు గొప్ప న్యాయంగా అనిపిస్తుంది.

గమ్హరియా నుంచి చూస్తే

ఖర్కాయి ఒడ్డున, కార్ఖానాల మధ్య ఉంటున్న మనకు ఈ కోఠి కథ ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. జవాబు మన ఇళ్లలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి తాతలు, ముత్తాతలు ఈ ప్రాంతానికి వచ్చింది ఇనుము కరిగించడానికి, గోడలు లేపడానికి, పట్టాలు వేయడానికి. 1912లో సాక్చీలో మొదటి ఉక్కు కరిగిన కొలిమి దగ్గరి నుంచి గమ్హరియా షాపుల దాకా వాళ్ల చెమట ఉంది. ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినవాడు వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ అని పిల్లలు పుస్తకంలో చదువుతారు. ఇటుక మోసినవాడి పేరు ఇంట్లో చెప్పుకోకపోతే ఎక్కడా ఉండదు. ఏ గొప్ప కట్టడం ముందు నిలబడినా, బెర్లిన్‌లో అయినా కోఠిలో అయినా, గైడు చెప్పే వాస్తుశిల్పి పేరు విన్నాక మరో రెండు ప్రశ్నలు వేయడం మన హక్కు: దీనికి డబ్బు ఎవరిది, దీన్ని చేతులతో కట్టింది ఎవరు? ఆ రెండు ప్రశ్నలు అడిగితేనే కోఠి రెసిడెన్సీ పూర్తిగా మనదవుతుంది.

మొదటి ప్రశ్నకు ఈ భాగంలో సగం జవాబే దొరికింది. సైన్యానికి ఇచ్చి, నేల ఇచ్చి, భవనం కట్టించి ఇచ్చిన నిజాం ఖజానా ఆ తరువాత ఖాళీ అయింది. అప్పు చేయక తప్పలేదు. ఆ అప్పు ఇచ్చినవాడు రెసిడెన్సీ చాయలోనే దుకాణం తెరిచాడు. కంపెనీ జనరల్ తండ్రిగా, ఫైజ్ బక్ష్ బేగం తల్లిగా పుట్టిన విలియం పామర్ అతను. అతని వడ్డీ లెక్కలు 1820లో కొత్త రెసిడెంటు మెట్కాఫ్ కంటపడ్డాయి. ఆ లెక్కలు తేలేసరికి హైదరాబాదు అప్పుల ఊబిలో పీకల్లోతు దిగింది. చివరికి 1853లో బేరారు సీమను కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. చీటీ మీద గీసిన చిన్న పటం నుంచి బేరారు పటం దాకా సాగిన ఆ వడ్డీ లెక్క వచ్చే భాగంలో.